వాకిలి దాటని మాట

ఆ ఇంట్లో ఇప్పుడు రెండు పొయ్యిలు వెలుగుతున్నాయని కుట్టుమిషను పిన్ని అన్నదట. నాతో కాదు, ఇస్త్రీబండి అతని భార్యతో. ఆవిడ మేడమీద అద్దెకుండే టీచరమ్మతో, టీచరమ్మ మందులషాపు ఆయనతో. ఇన్ని నోళ్లు మారి వీధి చివర టీకొట్టు దాకా వచ్చేసరికి రెండు పొయ్యిలు కాస్తా రెండు వంటగదులయ్యాయి, మధ్యలో గోడ కూడా లేచింది.

"మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకే ఆఫీసు. వానొస్తే మాత్రం ఎవరి గొడుగు వాళ్లదే. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. పాపం ఆ పిల్లని చూడ్డానికి పుట్టింటి నుంచి ఒక్క పురుగూ రాలేదు. కన్నతండ్రే తొంగిచూడలేదంటే ఏమనుకోవాలి? నేనేమీ అనుకోలేదనుకో" అన్నదట పిన్ని, అనుకోవలసినవన్నీ అనుకున్నాక.

పిన్ని జాకెట్టు కొలతలు తీసినంత జాగ్రత్తగా కబుర్లు కొలవదు. ఆ ఇంట్లో పొయ్యి ఒక్కటే. అతను ముందులేచి వండి, పళ్లెం మీద మూతపెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోతాడు. ఆమె లేచి, మూత తీసి, చప్పుడు చెయ్యకుండా తింటుంది. మధ్యలో లేచిన గోడ సంగతి మాత్రం వీధి తప్పు చెప్పలేదు.

ఆమెను పిచ్చుక అంటారు. బస్సు డ్రైవరైన తండ్రి పెట్టిన ముద్దుపేరు, పెళ్లయినా అదే నిలిచింది. తల్లి లేని పిల్లని స్టీరింగు పక్కనే కూర్చోబెట్టుకుని పెంచాడాయన. ఆఫీసులో ఆమె ప్రోగ్రాములు రాస్తుంది. అవి నడిచే సర్వర్లను అతను చూసుకుంటాడు. ఏ తలుపు తీసినా మళ్లీ వేసేదాకా నిద్రపట్టని మనిషి కాబట్టి అక్కడ అందరూ అతన్ని తాళం అంటారు. వీళ్లకు కడుపులో బిడ్డ నిలవలేదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ తండ్రి వస్తాడని ఆమె తలుపు వంక చూసింది. రాలేదు, ఫోనూ చెయ్యలేదు. రానివాడికి నేనెందుకు చెయ్యాలని ఆమె కూడా మానేసింది. నా అన్నవాళ్లు ఎవరూ లేరని తేలిపోయిందనుకుని, ఆ తేలినదాన్ని మోస్తూ బతుకుతోంది.

ఇంతలో డయాలసిస్ సెంటరు పెద్దనర్సు నుంచి ఆఫీసుకు ఫోను వచ్చింది. "మీ వెబ్‌సైటుని నమ్ముకుని మా టికెట్ల తాత ఇంట్లో కూర్చున్నాడు. ఆయాసంతో ఎత్తుకొచ్చారు." ఆ సైటు రాసింది పిచ్చుకే. కుర్చీ వెనక్కి తన్ని లేచింది.

*

టికెట్ల తాత దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. చేతికి గొట్టాలు, పక్కన గుర్రుగుర్రుమంటూ తిరిగే మిషను. మొహం ఉబ్బింది గానీ నోటికేమీ కాలేదు.

"నువ్వేనా అమ్మా సైటు పిల్లవి? ఇంత చిన్నదానివా! నేనింకా కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ ఎవరో అనుకున్నా."

"ఎలా ఉంది తాతా?"

"మిషను తిరిగింది, నేనూ తిరుగుతున్నా. నువ్వు ఏడుపుమొహం పెట్టకు, నాకు భయమేస్తుంది."

అక్కడి పద్ధతి ఏమిటంటే, వంతుకు ముందురోజు రోగి సైటు తెరిచి 'రేపు వస్తున్నాను' అన్న బొత్తాం నొక్కాలి. తాత నొక్కాడు. నొక్కగానే ఏదో వచ్చింది. ఏం వచ్చిందో పోకుండా ఫోనులో ఫొటో తీయించుకుని దాచాడు. పిచ్చుక చేతిలో పెట్టాడు.

తెల్లటి పేజీ. పైన పెద్దగా ఐదువందల అంకె. కింద ఇంగ్లీషులో ఓ ముక్క. అంతే.

"జీవితమంతా సినిమాహాల్లో టికెట్లు అమ్మానమ్మా" అన్నాడు తాత. "ఆ ఇంగ్లీషు నాకు రాదు. అంకె మాత్రం తెలిసింది. ఓహో, మన ముందు ఐదొందల మంది ఉన్నారు, హౌస్‌ఫుల్ బోర్డు పెట్టేశారు అనుకున్నా. ఎంతమందిని కిటికీ మూసి వెనక్కి పంపలేదు నేను! పిల్లల్ని చంకనేసుకొచ్చిన వాళ్లని కూడా పంపాను. సరే, ఇవాళ కిటికీకి ఇవతల నేనున్నాను, అంతేగా అనుకున్నా. పైగా ముసలాణ్ణి. నా మంచం ఎవరో కుర్రాడికి ఇచ్చుంటారు, ఇవ్వనీలే అనుకుని పడుకున్నా."

పెద్దనర్సు కళ్లు తుడుచుకుని, తుడుచుకున్నట్టు కనపడకుండా కసిరింది. "ఇవ్వనీలే అట! ఇచ్చేవాళ్లం మేము, నీ ఇష్టమా?"

పిచ్చుక మాత్రం ఫొటోనే చూస్తోంది. "ఇది నేను రాసిన పేజీ కాదు" అంది మెల్లగా.

ఆ సంగతి పెద్దనర్సుకూ తెలుసు. ఆసుపత్రి నుంచి లేచి మళ్లీ పనిలో చేరిన కొత్తలో పిచ్చుక ఇక్కడికొచ్చి, ఆవిడ పక్కన కూర్చుని మాటమాటా అడిగి రాసుకున్న పేజీ అది. సైటు ఎప్పుడైనా బోర్లాపడితే ఎదుటిమనిషికి ఏం కనబడాలి? 'ఇబ్బంది మా వైపే వచ్చింది, మీ పొరపాటేమీ లేదు. మీ వంతు మీకే ఉంది. మళ్లీ నొక్కక్కర్లేదు, మామూలు వేళకు వచ్చేయండి. అనుమానముంటే ఈ నంబరుకు చెయ్యండి, మనిషే ఎత్తుతుంది.' మనిషే ఎత్తుతుంది అన్న ముక్క దగ్గర ఆ రోజు పిచ్చుక చాలాసేపు ఆగిపోయింది. ఎందుకో నర్సు అడగలేదు.

"ఆ నంబరు కోసమని విడిగా ఫోను పెట్టించాం కదమ్మా" అంది నర్సు, బల్ల చివరకు చూపించి. ఫోను మీద తుండుగుడ్డ కప్పి ఉంది, గుడ్డమీద మొక్క కుండీ. "ఒక్కసారంటే ఒక్కసారి మోగలేదు. మీ సైటు అంత గట్టిది కాబోలు, పడనే పడదు అనుకున్నాం. మొక్కకి ఎండ తగులుతుందని కుండీ పెట్టా."

పిచ్చుక వరండాలోకి వచ్చింది. పరీక్ష కోసం తను పెట్టుకున్న చిరునామా ఒకటుంది. అది తెరిస్తే సైటు కావాలని బోర్లాపడుతుంది. ఆఫీసులో కూర్చుని ఎన్నోసార్లు తెరిచి చూసుకుంది. ప్రతిసారీ తన పేజీయే, తన మాటలే, నంబరుతో సహా వచ్చాయి. ఇప్పుడు సొంత ఫోనులో, బయట గాలిలో నిలబడి తెరిచింది.

తెల్లటి పేజీ. ఐదువందలు.

మరోసారి తెరిచింది. అదే.

సంగతేమిటో చదువరులకు రెండు ముక్కల్లో చెప్పాలి. ఐదువందలంటే మనుషుల లెక్క కాదు, సైటు పడిపోయిందని మిషన్ల భాషలో గుర్తు. సైటంటే లోపల కూర్చుని పనిచేసే మనిషి అనుకోండి. సర్వరు వాకిట్లో నిలబడి, లోపలివాళ్ల మాట బయటివాళ్లకు అందించే మనిషి. లోపలి మనిషి ఎంత మెత్తగా చెప్పినా వాకిలి మనిషి నోటినుంచే బయటికి రావాలి. 'లోపల ఏం గోలైనా సరే, నువ్వు విన్నది పారేసి, నేను నేర్పిన ముక్కే చెప్పు' అని ఆ వాకిలి మనిషికి ఎవరో ఆజ్ఞ పెట్టారు. ఇంట్లోవాళ్లు అడిగితే మాత్రం అసలు మాటే చెప్పమన్నారు. అందుకే ఆఫీసులో కూర్చుని చూసుకున్న పిచ్చుకకు ఇన్నాళ్లూ అంతా సవ్యంగానే కనబడింది. తను రాసిన ఆ నాలుగు మాటలూ ఒక్క బయటిమనిషిని కూడా చేరలేదు.

వాకిట్లో అలా ఆజ్ఞ పెట్టగలిగినవాడు ఆఫీసులో ఒక్కడే.

*

సర్వర్ల గది మెట్ల కింద ఉంటుంది. లోపల ఎప్పుడూ చలి, ఎప్పుడూ హోరు. తాళం ఎండాకాలంలో కూడా అక్కడ స్వెట్టరు వేసుకునే కూర్చుంటాడు. పెళ్లయిన కొత్తలో పిచ్చుక అల్లిన స్వెట్టరు అది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. పొడుగు చేతిని రెండు మడతలు పెట్టుకుంటాడు. ఇంత దూరమైపోయాక కూడా అదే వేసుకున్నాడని గుమ్మంలో నిలబడి ఆమె గమనించింది. గమనించనట్టు ఊరుకుంది.

"ఏమండీ, లోపలికి రావచ్చాండీ?"

కోపం ముదిరితే ఆమెకు మర్యాద ముంచుకొస్తుంది. మామూలుగా నువ్వు అనే మనిషి. తాళం ఆ 'అండీ' వినగానే నిటారుగా కూర్చున్నాడు.

ఆమె ఫొటో చూపించింది. "ఇది మీరు పెట్టించిందేనాండీ?"

"నేనే."

"నా పేజీ ఎవరికీ పోకుండా ఆపిందీ మీరేనా?"

"నేనే" అన్నాడు మళ్లీ. ఈసారి కాస్త ఆగి.

"తాత ఇంట్లోనే పోయేవాడు తెలుసా మీకు? ముందు ఐదొందల మంది ఉన్నారనుకుని పడుకున్నాడు. మీ తెల్లకాగితం చూసి!"

అతను తల వంచుకున్నాడు. మిషన్ల హోరులో అతని గొంతు వినబడాలంటే ఆమె దగ్గరకు రావలసి వచ్చింది. వచ్చింది.

"సైటు పెట్టిన కొత్తలో నీకు కడుపు... వాసనలు పడక ఇంట్లో ఉన్నావు చూడు, అప్పుడు. ఒకరోజు సైటు బోర్లాపడి లోపలిదంతా బయటికి కక్కేసింది. ఎవరికి ఏ జబ్బు, పేర్లు, మన లోపలి పాస్‌వర్డుతో సహా. నేనే ముందు చూశాను. ఇంకెవరన్నా చూసుంటే నీ ఉద్యోగం పోయేది. అప్పటికప్పుడు, లోపలినుంచి ఏ తప్పొచ్చినా బయటికి పోనివ్వొద్దు, ఈ ముక్కే చూపించు అని పెట్టేశాను."

"నాకు చెప్పలేదేం?"

"నీళ్లు కూడా ఇమడని మనిషికి అది చెప్పనా? నవ్వుతూ ఉండేదానివి అప్పుడు. చెప్పబుద్ధి కాలేదు."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. 'అండీ' ఎక్కడో జారిపోయింది. "తర్వాతన్నా చెప్పొచ్చు కదా. నేనొచ్చి ఆ పేజీ రాశాను. చూడలేదా నువ్వు?"

"చూశాను."

"చూసీ?"

"చాలా బాగుంది" అన్నాడు తాళం. "మనిషే ఎత్తుతుంది అన్నావే, అక్కడ... చాలా బాగుంది."

"బాగుంటే పంపలేదేం మరి!"

"పంపాలంటే నేను పెట్టింది తియ్యాలి. తీస్తే ఎందుకు పెట్టానో చెప్పాలి. చెప్పాలంటే నీతో మాట్లాడాలి" అన్నాడు. మడతపెట్టిన చేతిని ఇంకో మడత పెట్టాడు. "అప్పటికి మాటలు పోయాయి కదా మనకి."

 ఆ మాటలు పోవడంలో ఆమెకూ సగం భాగముంది మరి.

స్టూలు ముందుకు జరుపుకుంది. "తియ్యి ఇప్పుడు."

"మళ్లీ లోపలిది బయటపడితే?"

"నా పేజీలో నేను చెప్పదల్చుకున్నదే ఉంటుంది, గిన్నె బోర్లించినట్టు అంతా రాదు. అప్పుడు రాయడం రాక కక్కింది. ఇప్పుడు వచ్చు."

"అసలు నోరే పెగలకుండా పడిపోతే? ఒక్క మాటా రాకపోతే?"

"అప్పుడు నువ్వు మాట్లాడు" అంది పిచ్చుక. "నేనేమీ చెప్పలేకపోయినప్పుడు నా బదులు నువ్వు చెప్పు, కాదనను. నేను చెప్పినప్పుడు మాత్రం నా మాటే పంపు. మార్చకు. ఆ తెల్లకాగితం మీద కూడా కాస్త మనుషుల్లా ఏదన్నా రాయి."

"నాకు రాయడం రాదు."

"నంబరన్నా పెట్టు మొద్దూ."

మొద్దూ అన్న మాట విని ఎన్నాళ్లయిందో. తాళం స్క్రీను వైపు తిరిగిపోయాడు. మార్చవలసింది ఒక్క మాటే. దాన్ని కొట్టడానికి అతనికి చాలాసేపు పట్టింది.

*

ఆఫీసు గోడలోపల చూస్తే నమ్మకం లేదు. ఇన్నాళ్లూ మోసం చేసింది ఆ గోడే. అందుకని పిచ్చుక వీధిలోకి వెళ్లి, పళ్లబండి పక్కన నీడలో నిలబడి అతనికి ఫోను చేసింది.

"వచ్చాను. తెరవనా?"

"తెరువు."

తెరిచింది. వేలితో పైనుంచి కిందికి జరిపి చూసింది.

"ఏమైంది?" అటునుంచి అతని గొంతు కంగారుపడింది. "ఐదొందలేనా?"

ఆమె చదవడం మొదలుపెట్టింది. రోడ్డు మీద బళ్లు పోతున్నాయి, పళ్లబండి ఆయన బేరమాడుతున్నాడు, ఆమె చిన్నపిల్ల పాఠం చదివినట్టు అక్షరమక్షరం చదివింది. ఇబ్బంది మా వైపే వచ్చింది, మీ పొరపాటేమీ లేదు. మీ వంతు మీకే ఉంది. అనుమానముంటే ఈ నంబరుకు చెయ్యండి, మనిషే...

"ఎత్తుతుంది" అని అటునుంచి అతను పూర్తిచేశాడు. చూడకుండానే.

ఇద్దరూ ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నారు. ఎవరూ కట్ చెయ్యలేదు. పళ్లబండి ఆయన ఈమె వంక చూసి, ఏమనుకున్నాడో, స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"పెద్దనర్సుకి ఫోన్ చేసి ఆ ఫోను మీది మొక్క తీసెయ్యమను" అని నవ్వబోయింది పిచ్చుక. నవ్వు సగంలో ఆగింది. మొక్క కింద తుండుగుడ్డ, గుడ్డ కింద మోగని ఫోను కళ్లముందు మెదిలాయి. మోగకపోతే ఎవరూ చెయ్యలేదనే కదా అనుకున్నారు వాళ్లు.

"ఒకటడుగుతాను" అంది. "ఆసుపత్రిలో నా ఫోను నీ దగ్గరే ఉండేది కదా."

"ఆఁ" అన్నాడు అటునుంచి, సర్వర్ల గది హోరులో.

"ఎవరెవరు చేశారు?"

"చాలామంది."

"మా నాన్న చేశాడా?"

 అతను గదిలోంచి బయటికి నడిచాడు కాబోలు, హోరు ఆగిపోయింది. కాసేపటికి గేటు దగ్గర స్వెట్టరుతోనే కనబడ్డాడు, మండుటెండలో. రోడ్డు దాటి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో ఫోను ఇంకా మాట్లాడుతున్నట్టే పట్టుకున్నాడు.

"వచ్చాడు" అన్నాడు.

"ఎక్కడికి?"

"వార్డు గేటు దాకా. బస్సు డ్యూటీ దిగి అదే యూనిఫారంతో వచ్చాడు. నువ్వేగా అన్నావు, ఎవర్నీ రానివ్వకు, నేనెవర్నీ చూడలేను అని."

అంది. గోడవైపు తిరిగి పడుకుని అంది. ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఆ పూటకి అన్నాను."

"ఏ పూట దాకానో చెప్పలేదు నువ్వు."

"అడగలేదు నువ్వు!"

పళ్లబండి ఆయన పళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. అటువంటప్పుడు ఎటు చూడాలో తెలిసిన మనిషి.

"సరే" అంది పిచ్చుక. "నేనన్నది అన్నట్టే చెప్పావా ఆయనకి? ఎవర్నీ చూడలేనంటోంది, అనే చెప్పావా?"

తాళం తల అడ్డంగా ఊపాడు. "ముందు అలాగే చెప్పాను. కదల్లేదు. నేను ఎవర్నో కాదు కదా బాబూ, తండ్రిని కదా అంటాడు. లోపల నువ్వేమో ఏడుస్తున్నావు. గట్టిగా చెప్తే గానీ వెళ్లడనిపించింది." చేతిలోని ఫోను దించాడు. "మిమ్మల్నే రావద్దంది అని చెప్పాను."

ఆమె అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. ఎండకు అతని నుదుటి మీద చెమట కారి కంట్లో పడుతుంటే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ తను తలుపు వంక చూసింది. తలుపు అవతల తండ్రీ, ఫోను చేసినవాళ్లూ ఉన్నారు. మధ్యలో ఈ మొద్దు మనిషి, తనకు నొప్పి కలగకూడదని నిలబడి, అటు మాట ఇటూ ఇటు మాట అటూ పోనివ్వకుండా కాపలా కాశాడు.

"ఆ స్వెట్టరు విప్పు. ఉడికిపోతావు" అంది.

విప్పి చేతిమీద వేసుకున్నాడు. ఆమె తండ్రి నంబరు నొక్కింది. రోడ్డు గోలకు వినబడదని స్పీకరు పెట్టింది. మోగుతోంది. ఇద్దరూ ఆ చిన్న ఫోను మీదకు వంగారు. తాళం చెయ్యి ఆమె భుజం దగ్గరకు వచ్చి, ఆనాలో లేదో తెలియక అక్కడే ఆగింది. ఆమె కాస్త వెనక్కి జరిగింది, ఆనేలా.

అటునుంచి ఎత్తారు. బస్సు ఇంజను చప్పుడు, ఎవరో టికెట్ టికెట్ అంటున్నారు.

"నాన్నా."

ఇంజను ఆగింది. ఆయన ఆపాడు.

"నేను నాన్నా, పిచ్చుకని."

"తెలుసు. నంబరు తీసెయ్యలేదు."

ఎన్నో చెప్పాలనుకుంది. గోడవైపు తిరిగి పడుకున్న పూట సంగతి, గేటు సంగతి, మధ్యలో మారిన మాట సంగతి. ఏది ముందు చెప్పాలో తెలియక, అన్నిటికన్నా చిన్నది బయటికి వచ్చింది.

"ఒకసారి వచ్చిపో నాన్నా."

"రావద్దన్నది నువ్వేగా" అన్నాడు తండ్రి.

తాళం నోరు తెరిచాడు. ఆగిన బస్సులోంచి ఎవరో బయల్దేరమని కేకేశారు. పిచ్చుక ఫోనును తాళం నోటి దగ్గరకు జరిపింది.